బొటనవేలి లెక్క

పది గంటల రెండు నిమిషాలకు ఎంటర్ మీట నొక్కి, కుర్చీ కాస్త వెనక్కి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇక తను చేయగలిగింది లేదు. చేయగలిగిందంతా మూడు వారాలుగా చేసేసింది కనుక ఆ ఖాళీ ఆమెకు భయంగా అనిపించలేదు. పరీక్ష హాల్లో అందరికన్నా ముందు పేపరు ఇచ్చేసి వరండాలోకొచ్చిన పిల్లకుండే తేలిక అది. తెర మీద నల్లటి చతురస్రంలో ఒక్కటే మాట, బొటనవేలు మొదలైంది అని. దాని పక్కన మెమరీ మీటరు, సన్నటి పచ్చ గీత, ఎడమ నుంచి కుడికి పాకుతూ. మొత్తం అరవై నాలుగు జీబీ ఉన్న యంత్రంలో ఇప్పుడు మూడు. మూడున్నర. నాలుగు. గంటలోపు అయిపోతుంది. అవకపోతే అన్న ఆలోచన గుమ్మం దాకా వచ్చి, రమ్మని ఎవరూ పిలవకపోయేసరికి అటునుంచి అటే వెళ్ళిపోయింది. ఊరికి అవతలి కొసన చేతుల మేస్త్రి వర్క్‌షాపులో ఆ దంపతులు ఈపాటికి వచ్చి కూర్చుని ఉంటారు, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంటుంది, గుడ్డ మీద చేయి ఉంటుంది, నాలుగు వేళ్ళు సిద్ధంగా, బొటనవేలు మాత్రం ఊరికే వేలాడుతూ. వాళ్ళకి రెండింటికి రైలు. మేస్త్రి రేపటినుంచి వేరే ఊళ్ళు తిరుగుతాడు, మళ్ళీ ఇటు రావడం రెండు నెలలకు. ఈ గంటలో లెక్క తేలితే ఆ భార్య రెండు చేతులతో రైలెక్కుతుంది, లేకపోతే ఒక చేయీ ఒక అట్టపెట్టె పట్టుకుని. తేలుతుంది. మీటరు మీద నాలుగు పాయింటు రెండు.

చేతుల మేస్త్రి అన్నది ఆయనకు ఎవరో పెట్టిన పేరు కాదు, ఆయనే అలా చెప్పుకుంటాడు. చదివింది ఏదో పెద్ద ఇంజనీరింగే, కానీ అరచేతుల నిండా జిగురు మరకలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. మొదటిసారి వచ్చిన రోజు చెప్పుల పెట్టె ఒకటి తెచ్చి ఈ బల్ల మీదే పెట్టి మూత తీశాడు. లోపల దూదిలో ఒక కుడి చేయి. ఎదురు సీటు టెస్టింగ్ అమ్మాయి కెవ్వుమని అరిచి, తర్వాత సిగ్గుపడి, అందరికన్నా ముందు తనే ముట్టుకుని చూసింది. "దీనికి బలం ఉంది మేడమ్, కొబ్బరికాయ కూడా పట్టుకుంటుంది. బుద్ధే లేదు. మీరే కాస్త బుద్ధి చెప్పాలి" అన్నాడాయన. బుద్ధి చెప్పడమంటే ఏమిటో ఆ సాయంత్రమంతా కూర్చుని అర్థం చేసుకుంది. ఒక్కో వేలిలో సన్నటి తీగలు, తీగల్ని లాగే మోటార్లు. వేలు ఫలానా వంపు తిరగాలంటే మోటారు ఎంత తిరగాలి? మణికట్టులో ఉన్న గోరంత చిప్పు ఆ సంగతి తడుముకుంటూ తడుముకుంటూ తేల్చుకోవడానికి అర సెకను పడుతోంది. గ్లాసు పట్టుకోవడానికి అర సెకను ఎక్కువేం కాదు. ఈ చేయి గ్లాసు పట్టుకోవడం కోసం కాదు. మాట్లాడటం కోసం.

ఆ మాట ఆమెకు వాళ్ళిద్దర్నీ చూశాకగానీ అర్థం కాలేదు. ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం వాళ్ళది. ఆయన పుట్టు చెవిటి, మాటలు రావు. ఆవిడ గలగలా మాట్లాడుతుంది, పెళ్ళికి ముందు ఏడాదిపాటు కూర్చుని ఆయన భాష నేర్చుకుందట, చేతుల భాష. ఫ్రేములు కోసే రంపం కిందికి ఆవిడ కుడి చేయి పోయింది, పద్నాలుగు నెలల క్రితం. "వంటకీ పనికీ ఏదోలా నెట్టుకొస్తున్నానమ్మా. చేతికే నత్తి వచ్చేసింది" అంది ఆవిడ, ఇదే గదిలో, ఆ కిటికీ పక్కన కూర్చుని. వాళ్ళ భాషలో అక్షరాలు రెండు చేతులూ కలిస్తేనే. ఒక చేయి బల్లైతే ఇంకో చేయి పెన్ను, ఒక చేయి గోడైతే ఇంకో చేయి తలుపు. ఒక్క చేత్తో తలుపు అని చెబితే గోడ ఎక్కడుందో ఎదుటివాళ్ళు ఊహించుకోవాలి. ఆ మాటలు అంటున్నంతసేపూ ఆయన ఆవిడ పెదాల్ని కాదు, ఎడమ చేతిని చూస్తున్నాడు, వాన చప్పుడులో రేడియో వినేవాడిలా ముందుకు వంగి. అప్పుడే ఆమెకు అర సెకను అంటే ఏమిటో తెలిసింది. మాట అయిపోయాక వచ్చే వేలు ఎందుకు? చిప్పు తడుముకోకూడదు. సూత్రం ఒకటి చేతిలో పెట్టాలి, ఇదిగో ఇంత వంపు కావాలంటే మోటారు ఇంత, అంతే, ఒక్క మెట్టులో జవాబు.

ఆ సూత్రాన్ని కనిపెట్టడమే ఈ ఆఫీసు పని. ఈ గదిలో తయారయ్యే సాఫ్ట్‌వేర్ అంకెలతో కాదు, అక్షరాలతో లెక్కలు చేస్తుంది. మామూలు లెక్కల యంత్రం జవాబు ఏడు అంటుంది, ఇది మాత్రం ఏడు ఎలా వచ్చిందో ఆ దారినే రాసి చేతిలో పెడుతుంది. చూపుడు వేలు పదకొండు నిమిషాల్లో తేలింది. మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్న అక్కచెల్లెళ్ళలా వరసగా వచ్చేశాయి. బొటనవేలు దగ్గర ఆగింది. బొటనవేలు మిగతావాటిలా ఒక వైపే వంగే వేలు కాదు, అరచేతిలోకి వస్తుంది, పక్కకు పోతుంది, చుట్టూ తిరుగుతుంది, ఇంట్లో అందరికీ ఎదురు తిరిగే మనిషి ఒకడుంటాడు చూడు, వాడిలాంటిది. మొదటిసారి రన్ చేస్తే నలభయ్యో నిమిషంలో మెమరీ అరవై నాలుగూ నిండిపోయి, మౌసు కదలక, ఫ్యాను మాత్రం ఆయాసపడుతూ, చివరికి ఒక్క మాట కూడా చెప్పకుండా ప్రోగ్రామ్ చచ్చిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి రెట్టింపు సార్ రంగంలోకి దిగాడు.

రెట్టింపు సార్ అంటే వాళ్ళ బాస్, ఆమెకన్నా పద్నాలుగేళ్ళు చిన్న, మంచివాడు, ఏ ఇబ్బంది వచ్చినా దానికన్నా రెండింతల పెద్ద యంత్రం తెచ్చి దాని నెత్తిన పెడితే పోతుందని నమ్మకం. ఎక్కడో దూరాన ఉన్న మహా యంత్రాన్ని ఒక రోజుకు అద్దెకు తీసుకున్నారు, అయిదువందల పన్నెండు జీబీ. బొటనవేలు దాన్ని కూడా రెండు గంటల్లో నమిలి మింగేసింది. ఆ రోజు అందరూ దిగాలుగా ఉంటే ఆమెకు లోపల్లోపల ఉత్సాహం పుట్టింది. చోటు పెంచితే తీరే ఆకలి కాదని తేలిపోయిందిగా. పైగా మేస్త్రి దగ్గరుండేది మామూలు యంత్రం, రేపు ఇంకో మనిషి వస్తే ఆ మనిషి ఎముకల కొలతలకు మళ్ళీ మొదటినుంచి లెక్క కట్టాలి, ఒక్కో బొటనవేలికీ మహా యంత్రాన్ని ఎక్కడ తెస్తాడు? "నాకు మూడు వారాలివ్వండి, ఉన్న చోటులోనే పట్టిస్తాను" అంది. "ఎలా మేడమ్?" "ఊడ్చి." అప్పటినుంచి తన వెనకాల చీపురు మేడమ్ అంటున్నారని ఆమెకు తెలుసు. తన ముందు అన్నా ఫర్వాలేదు, బాగానే ఉంది పేరు.

పది గంటల పద్నాలుగు. పన్నెండు జీబీ. పాత ప్రోగ్రామైతే ఈ వేళకు ఇరవై రెండు. ఆమె నవ్వుకోలేదు కానీ కాలి మడమ నేల మీద చిన్నగా తాళం వేసింది. కిటికీ అవతల ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన దుప్పటి గాలికి ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఉబ్బడం. దాన్నే వాళ్ళ వృత్తిలో ఉబ్బు అంటారు, మొదట్లో లెక్క అర పేజీ, చివర్లో జవాబు ఒక పేజీ, మధ్యలో మాత్రం లక్షల పేజీలు. ఇల్లు మారేటప్పుడు నాలుగు గదుల సామాను బయట పెడితే వీధి వీధంతా చాలదు, మళ్ళీ కొత్త ఇంట్లో నాలుగు గదుల్లోనే సర్దుకుంటుంది. ఆ వీధిలో పరిచిన గంటే ప్రమాదం. కాలేజీలో వాళ్ళకి బీజగణితం చెప్పిన లెక్చరరు ఉండేవారు, సన్నగా, పొడుగ్గా, సుద్దముక్కను చివరి చిటికెడు దాకా వాడేవారు. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి ఉత్సాహంగా బ్రాకెట్లన్నీ విప్పేసి, బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు రాసేసి, చోటు చాలక గోడ మీదికి కూడా వెళ్ళబోయిన రోజు ఆయన సుద్దముక్క లాక్కుని "విప్పడం అందరికీ వచ్చమ్మా. విప్పకుండా చేతులు కట్టుకుని నిలబడు, అదీ లెక్క రావడమంటే" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆమెకు చెవులు వేడెక్కాయి. కానీ ఆ రోజు నుంచీ బ్రాకెట్టు కనబడితే ముందు దాని వంక చూస్తుంది, నిన్ను విప్పాల్సిన పని నిజంగా ఉందా అని. మొదటి వారం అదే పని చేసింది, ప్రోగ్రామ్ తొందరపడి విప్పేస్తున్న చోట్లన్నీ వెతికి, ఆగు, అవసరమైనప్పుడు విప్పుదువుగాని అని చెప్పడం. దాంతోనే మూడో వంతు తగ్గింది.

రెండో వారం పంచుకోవడం. బొటనవేలి మొదటి కణుపు పొడవూ దాని వంపూ కలిసిన ఒక చిన్న ముక్క, నాలుగు గుర్తులు కూడా ఉండవు దానిలో, లెక్క మధ్యలో నాలుగు లక్షల చోట్ల కనిపించింది. నాలుగు లక్షల చోట్లా ప్రోగ్రామ్ దాన్ని కొత్తగా రాసుకుని కూర్చుంది! ఒక్కటి రాసి, మిగతా చోట్ల అదిగో అక్కడుంది చూసుకో అని వేలు చూపిస్తే పోయేదానికి. అలాగే చేసింది. ఒకే రూపం ఉన్న ముక్క ఎక్కడ పుట్టబోయినా ముందు పట్టికలో చూడాలి, ఉంటే దాన్నే వాడుకోవాలి, లేకపోతేనే కొత్తది. మీటరు ఒక్కసారిగా సగానికి పడింది. ఆ మధ్యాహ్నం టెస్టింగ్ అమ్మాయి కుర్చీలోంచి లేచి గిర్రున ఒక చుట్టు తిరిగింది. అయితే బొటనవేలు బొమ్మను తెర మీద కదిలించి చూస్తే అది అరచేతిలోకి రాకుండా వెనక్కి విరుచుకుని మణికట్టును ముట్టుకుంది. నాలుగు రోజులు, నాలుగు రోజులు దాని వంక చూస్తూ కూర్చుంది, తప్పు ఎక్కడా లేదు, ప్రతి మెట్టూ విడిగా సరిగ్గానే ఉంది, కలిపితే వేలు వెనక్కి.

అయిదో రోజు వాన. బస్సు దిగి గొడుగు తెరుస్తుంటే ఎదురుగా ఒక పిల్ల రెయిన్‌కోటులో, చేతులు బారెడు, వేళ్ళు కనబడటం లేదు. అంతే, నడిరోడ్డు మీద నిలబడిపోయింది. అక్కకీ తనకీ కలిపి ఒకటే రెయిన్‌కోటు ఉండేది, నీలిరంగుది. అక్కకి పొద్దున బడి, తనకి మధ్యాహ్నం, అక్క వచ్చి విప్పితే తను వేసుకునేది, ఒక్క కోటుతో ఇద్దరూ తడవకుండా రెండేళ్ళు గడిపేశారు. తనకి చేతులు పొడుగయ్యేవి. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా కత్తెర తీసుకుని రెండు చేతులూ నాలుగేసి వేళ్ళ వెడల్పు కత్తిరించేసింది, చక్కగా, సరళరేఖలా, తనకి సరిగ్గా సరిపోయేలా. సోమవారం అక్క మోచేతుల దాకా తడిసి, పుస్తకాలు తడిసి, ఏడుస్తూ ఇంటికొచ్చింది. అమ్మ కొట్టలేదు. "ఇద్దరిదీ అయినదాన్ని ఒక్కదానివీ ఎలా కోశావే?" అంది, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. ఇద్దరిదీ అయినదాన్ని. ఆఫీసుకు పరుగెత్తింది, గొడుగు ముడవడం కూడా మరిచి. ఉంది. సూక్ష్మీకరణ చేసే చోట, తను పదకొండేళ్ళ క్రితం రాసిన పాత భాగంలో, ఒక ముక్కకు ముందున్న గుర్తు మార్చాల్సి వస్తే ప్రోగ్రామ్ కొత్త ముక్క చేసుకోకుండా ఉన్నదాన్నే మార్చేస్తోంది. అప్పట్లో ఎవరి ముక్క వాళ్ళదే కనుక నష్టం లేదు. ఇప్పుడది నాలుగు లక్షల మందిది. ఒక చోట ధనం రుణమైతే అన్ని చోట్లా అయిపోయింది, వేలు వెనక్కి తిరిగింది. పంచుకున్నదాన్ని ఎవరూ మార్చకూడదు, మార్పు కావాలంటే ఎవరిది వాళ్ళు విడిగా కుట్టించుకోవాలి. రెండు వరసల సవరణ. ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది. "నీ రెయిన్‌కోటు గుర్తొచ్చిందే." "ఇన్నాళ్ళకా? నలభయ్యేళ్ళకి క్షమాపణ చెప్పాలనిపించిందా?" "క్షమాపణ కాదే, బగ్గు దొరికింది." అక్కకి బగ్గంటే ఏమిటో తెలియదు, అయినా అవతల పకపకా నవ్వు. కోటు చేతులు కత్తిరించిన చెల్లెలు ఇవాళ చేతులు చేస్తోందని ఇంట్లో అందరికీ చెప్పిందట.

పది గంటల ముప్ఫయ్యారు. నలభై ఏడు. ఆమె కాలి తాళం ఆగింది. గీత ఇంత దూరం వస్తుందనుకోలేదు, నలభై దగ్గర నిలుస్తుందనుకుంది. నలభై ఎనిమిది. పచ్చ రంగు పసుపైంది. వెనకాల బూట్ల చప్పుడు, రెట్టింపు సార్, చేతిలో ఫోను, ముఖంలో జాలి. ఆయన జాలే ఆమెకు చిరాకు.

"మేడమ్, మళ్ళీ అటే వెళ్తోంది."

"వెళ్ళనివ్వండి."

"పది నిమిషాల్లో నిండిపోతుంది. ఇప్పుడే ఆపేస్తే మేస్త్రిగారికి చెప్పొచ్చు, వాళ్ళు అక్కడ ఊరికే కూర్చోకుండా... ఈసారికి ఉజ్జాయింపు లెక్కతో సరిపెట్టేద్దాం. బొటనవేలు కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతేగా."

"అంతే కాదండీ. మీరు ఒక మాట అనేసి, దాని క్రియ అర సెకను తర్వాత అనండి చూద్దాం."

ఆయన నిజంగానే అనబోయి, ఆగి, నవ్వేశాడు. "మరి ఎందుకు పెరుగుతోంది?"

"లెక్కలోంచి మూడో వంపును తొలగిస్తోంది కాబట్టి. వీధిలో సామానంతా బయటుంది ఇప్పుడు. అది అయ్యాక పాతవన్నీ వదిలేస్తుంది, పడిపోతుంది."

"వదలకపోతే?"

"వదులుతుంది."

అంత గట్టిగా ఎందుకు అంది? తెలుసు కాబట్టి. మూడో వారం మొత్తం వదలడం మీదే గడిచింది. ఎవరికీ అక్కర్లేని ముక్కల్ని యంత్రం తనంతట తనే ఊడ్చేసుకుంటుంది, అది పాత ఏర్పాటే. కానీ రెండో వారంలో తను పెట్టిన పట్టిక ఉందే, ఏ ముక్క ఎక్కడుందో రాసుకున్న పట్టిక, అది ఏదీ వదలడం లేదు. ఆ సంగతి తట్టింది కూతురి బళ్ళో. కూతురు పోగొట్టుకున్న నీళ్ళ సీసా కోసం వెళితే అటెండరమ్మ తాళం తీసి బీరువా చూపించింది, పైనుంచి కిందిదాకా సీసాలు, స్వెట్టర్లు, ఒంటి మేజోళ్ళు, ఒక కళ్ళజోడు, ప్రతిదానికీ నంబరు చీటీ. "ఎవరూ రాకపోతే పారేయరా?" అని అడిగింది. "ఎలా పారేస్తానమ్మా, రిజిస్టర్లో ఉందిగా!" "రిజిస్టర్లోంచి కొట్టేయొచ్చుగా?" "ఎలా కొట్టేస్తాను, వస్తువు బీరువాలో ఉందిగా!" ఆవిడ మాటలో ఒక్క తప్పు లేదు, బీరువా మాత్రం పగిలిపోయేలా ఉంది. తన పట్టికా అచ్చం అంతే. మెమరీ తగ్గించడానికి పెట్టిన పట్టికే మెమరీని మింగుతోంది. మర్నాడు దానికి కొత్త నియమం పెట్టింది, నీ దగ్గర రాసి ఉండటం ఒక్కటే వస్తువును ఉంచడానికి కారణం కాదు, లెక్కలో ఎవరైనా పట్టుకుని ఉంటేనే ఉంచు, అందరూ చేతులు వదిలేస్తే నువ్వూ పేరు కొట్టేయి. చిన్న చిన్న లెక్కలమీద వందసార్లు పరీక్షించింది, వందసార్లూ వదిలింది. బొటనవేలంత పెద్దదాని మీద ఇదే మొదటిసారి.

యాభై నాలుగు. రెట్టింపు సార్ వెళ్ళిపోలేదు, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఫోను బోర్లా పెట్టేశాడు. అందుకు ఆయన మీద కోపం కాస్త తగ్గింది. యాభై ఏడు. వందసార్లు వదిలింది నిజమే, కానీ ఆ వందా చూపుడు వేలంత లెక్కలు. ఎక్కడైనా తను చూడని మూల ఒకటి మిగిలిపోయి, ఏదో ఒక్క చేయి పట్టు వదలకుండా ఉంటే? పాత భాగంలో ఇంకేదైనా? ఆ పదకొండేళ్ళ కిందటి తను, చిన్న పిల్ల తల్లి, నిద్ర చాలక కళ్ళు మండుతూ రాసింది, ఏం రాసిందో దేవుడికే తెలియాలి. లేదు, దాన్ని నమ్మాలి. గుర్తు మార్చే చోట తప్ప అది మరెక్కడా తొందరపడలేదు, తను చదివింది, ప్రతి వరసా, వేలు పెట్టి. యాభై తొమ్మిది. గీత ఎర్రబడింది. ఫ్యాను గొంతు పెంచింది. అరవై. మౌసు మీంచి చేయి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆపను. ఆపితే తెలియదు. చచ్చిపోతే ఎక్కడ చచ్చిపోయిందో తెలుస్తుంది, ఆపితే అదీ తెలియదు. అరవై ఒకటి. అక్కడ గుడ్డ పరిచిన బల్ల దగ్గర ఆవిడ మేస్త్రితో ఏం మాట్లాడుతూ ఉంటుందో, కబుర్ల మనిషి, ఊరుకోదు. ఆయన మాత్రం బొటనవేలి వంక చూస్తూ ఉంటాడు. అరవై రెండు. ఊపిరి పీల్చుకుంది. ఇది వదులుతుంది. నేను రాశాను, వదులుతుంది.

గీత లేదు. కన్ను రెప్ప వేసి తెరిచింది. గీత మొదట్లోకి పోయి, తొమ్మిది దగ్గర, పచ్చగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఫ్యాను గొంతు తగ్గించింది. గదిలో ఇంతసేపూ వినబడని గడియారం ఒక్కసారిగా వినబడింది. రెట్టింపు సార్ "అయ్యబాబోయ్" అన్నాడు, చిన్నపిల్లాడిలా. ఆమె కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ముందే తెలిసిన విషయమైనా కళ్ళతో చూడటం వేరే. నాలుగో వంపు తొలగింది, మీటరు పద్నాలుగు దాకా వెళ్ళి అయిదుకు దిగింది. పదకొండు కావడానికి రెండు నిమిషాలుందనగా నల్లటి చతురస్రంలో రెండో మాట వచ్చింది, అయిపోయింది అని, దాని కింద సూత్రం. ఇరవై మూడు వరసలు. అయిదువందల పన్నెండు జీబీల మహా యంత్రం మింగలేక చచ్చిన వేలు ఇరవై మూడు వరసల్లో పడుకుని ఉంది.

తొందరపడలేదు. అందంగా ఉన్నంత మాత్రాన నిజమని కాదు. మేస్త్రి తన చేతులతో వంచి కొలిచి పంపిన యాభై కొలతలున్నాయి, వంపు ఇంత, మోటారు ఇంత. ఒక్కొక్కటే సూత్రంలో వేసింది. మొదటిది కలిసింది. రెండోది. పదిహేడోది కలవలేదు. కాగితం తెరిచి చూస్తే అక్కడ మేస్త్రి చేతిరాత, ఒకటో ఏడో తెలియని అంకె. ఒకటి వేస్తే కలిసింది. "ఈయన ఒకటికి మీసం పెట్టడం మానాలి" అంది పైకే. టెస్టింగ్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. యాభయ్యోది కలిశాక తెర మీద బొటనవేలు బొమ్మను కదిలించింది. అది మెల్లగా అరచేతిలోకి వచ్చి, చిటికెన వేలి మొదలును ముట్టుకుని, వెనక్కి వెళ్ళింది. ఇరవై మూడు వరసల్నీ మేస్త్రికి పంపింది, కింద ఒక్క వాక్యం రాసి: చిప్పులో ఎక్కించండి, తడుముకోదు.

ఆ తర్వాత సమయమే కదల్లేదు. టీ తెప్పించుకుంది, తాగడం మరిచింది. రెట్టింపు సార్ తన గదిలోకి వెళ్ళాడు, అయిదు నిమిషాలకోసారి ఏదో పని ఉన్నట్టు బయటికొస్తున్నాడు. పదకొండూ నలభై అయిదుకు ఫోను మోగింది.

"ఎక్కించాను మేడమ్. తొడిగాను" అన్నాడు మేస్త్రి.

"బొటనవేలు?"

"వస్తోంది."

"సమయానికి వస్తోందా, ఆలస్యంగానా? సరిగ్గా చూసి చెప్పండి."

"చూద్దామనే ప్రయత్నిస్తున్నాను మేడమ్. వీళ్ళు నాకు చూసే వీలివ్వడం లేదు. దెబ్బలాడుకుంటున్నారు."

"దెబ్బలాడుకోవడమేంటి?"

"ఏమో మేడమ్! తొడిగిన రెండు నిమిషాలు మాటలన్నీ కూడబలుక్కుంటూ మెల్లగా అంది. నీళ్ళు, ఇల్లు, నీ పేరు, నా పేరు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ ఏదోలా అయింది, ఫోను తీసి మీకు చేద్దామనుకుంటున్నాను. ఇంతలో ఆవిడ ఏదో అడిగింది. ఆయన ఏదో అన్నాడు. అంతే, అందుకుంది. నాకు వాళ్ళ భాష కొంచెమే వచ్చు, ఆ వేగానికి అందడం లేదు. ఏదో బీరువా... ఆవిడకి చెప్పకుండా బీరువా పక్క గదిలోకి జరిపాడట."

"ఎప్పుడు?"

"ఆస్పత్రిలో ఉన్నప్పుడట మేడమ్, ఏడాది దాటింది. ఆవిడకి సులువుగా ఉంటుందని ఆయన జరిపాడు. ఆవిడకి ఇష్టం లేదు. చెప్పబోతే, ఒక్క చేత్తో మాట పూర్తయ్యేలోపు ఆయన జాలిపడి సరే సరే అనేసేవాడట. దేనికి సరే అంటున్నాడో కూడా తెలుసుకోకుండా. అదీ కోపం. నాకు అర్థమైనంత వరకు అదే."

ఆమె ఫోనును చెవికి గట్టిగా ఆనించుకుంది. అవతల మనుషుల గొంతుల్లేవు. అరచేయి అరచేతికి తగిలే చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, రొప్పుతున్న ఊపిరి, వాటి మధ్యనుంచి మోటార్ల సన్నటి జుంజుం, ఒకదాని వెనకే ఒకటి, ఎక్కడా తట్టుకోకుండా, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా. ఒక్క క్షణం ఆగింది. ఆయన జవాబు చెబుతున్నట్టున్నాడు. మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకా వేగంగా.

ఎదురుగా నిలబడి రెట్టింపు సార్ కళ్ళతోనే అడుగుతున్నాడు, ఏమైంది, ఏమైంది అని. ఆమె వేలెత్తి ఆగమంది.

"ఏమంటోందిప్పుడు?" అని మెల్లగా అడిగింది ఫోనులో.

"బీరువా అయిపోయింది మేడమ్" అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు తగువు కిటికీ దగ్గరికొచ్చింది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చల్లారిన టీ అందుకుని, వింటూ కూర్చుంది.